మూడు పిలుపుల బొమ్మ

బయలుదేరక ముందు

నాకంటే ముందు నా అనుమానం పుట్టిందని మా అమ్మ అంటుంది. పాలు పలచగా ఉంటే నీళ్ళు కలిపాడంటాను, చిక్కగా ఉంటే ఇంకేదో కలిపాడంటాను. కాబట్టి ఇది చదివేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. ఈ దారిలో నేను చాలామందిని అనుమానించాను. అనుమానించవలసిన మనిషి మాత్రం ఒక్కరే. ఆ మనిషి ఎవరో నాకు నాలుగో రోజు దాకా తెలియలేదు.

బెజవాడలో ఇంట్లో కూర్చుని పిల్లల కార్టూన్లకు మనుషుల్ని గీయడం నా పని. కథ ఇంకొకరు రాస్తారు. ఆ కథలో తిరిగే మనిషికి ముక్కు, నడక, చీరకట్టు, కోపం వస్తే భుజాలు ఎలా లేస్తాయి అన్నది నేను ఇస్తాను. క్యారెక్టర్ డిజైన్ అంటారు. పదేళ్ళుగా మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే.

ఈసారి వచ్చింది ఒక తెలంగాణ పల్లె కథ. బడి పక్కన కొట్టు పెట్టుకున్న ఒక ముసలామె చుట్టూ అన్ని భాగాలూ తిరుగుతాయి. ఆమెను రెండుసార్లు గీసి పంపాను. రెండుసార్లూ తిరిగొచ్చింది. ఆ కార్టూన్ తీస్తున్న స్వప్నది హనుమకొండ. రెండోసారి తనే ఫోన్ చేసింది.

"కోపం చేసుకోకక్కా. గీ బొమ్మ మమ్మల్ని ఎక్కిరిస్తున్నట్టున్నది."

ఒళ్ళు మండింది. నాది కృష్ణా జిల్లా కాబట్టి అలా అంటోందనుకున్నాను. ఈ పని వేరే ఎవరికో ఇవ్వాలని ముందే నిర్ణయించుకుని సాకు వెతుకుతోందనుకున్నాను. తను వారం గడువిచ్చింది. దాంతోపాటు ముగ్గురి పేర్లు కూడా ఇచ్చింది. ముగ్గురూ మనుషుల బొమ్మల మీదే బతికేవాళ్ళు. వాళ్ళ దగ్గర కూర్చుని రమ్మంది, ఎవరూ డబ్బు తీసుకోరంది.

ఊరికే నేర్పేవాడి మీద నాకు నమ్మకం లేదు. అయినా వెళ్ళాను. నేర్చుకోవడానికని చెబితే అబద్ధం అవుతుంది. అక్కడికి వెళ్ళొచ్చి కూడా అదే బొమ్మ పంపి, తప్పు నాది కాదు నీది అని స్వప్నకు చెప్పాలని వెళ్ళాను.

మహబూబాబాద్

రైల్లో ఎదురుగా కూర్చున్న ఆమె డోర్నకల్ దాటాక టిఫిన్ డబ్బా తెరిచి సర్వపిండి ముక్క నా వైపు చాపింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన రొట్టె అది. వాసనకు నోరూరింది. కానీ రైల్లో బిస్కెట్లు పెట్టి నగలు కాజేసేవాళ్ళ కథలు వినీ వినీ పెరిగినదాన్ని నేను. వద్దన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఆ ముక్కను రెండు చేసి, సగం తన నోట్లో వేసుకుని, మిగతా సగం నా చేతిలో పెట్టింది.

"మందు గిట్ల కలుపలే. తిను," అంది.

సిగ్గుపడుతూ తిన్నాను. మా వైపు ఇలాంటిది లేదు. తపేలా చెక్క అని ఒకటి చేస్తారు గానీ ఇంత కారం వేయరు.

మొదటి గురువు సారంగం. ఒకప్పుడు సినిమా హాళ్ళకు నిలువెత్తు బొమ్మలు కుంచెతో వేసిన మనిషి. ఇప్పుడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. నేను వెళ్ళేసరికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తయారవుతోంది. తెల్ల చొక్కా వేసుకుని దండం పెడుతున్న ఒకే మొండెం, దాని మీద పదిహేను తలలు మారుతున్నాయి. పొట్టివాడికీ అదే ఒళ్ళు, లావుపాటివాడికీ అదే ఒళ్ళు. ఈయన దగ్గర మనిషి శరీరం గీయడం నేర్చుకోవాలా అనుకున్నాను. స్వప్న నాతో ఆడుకుంటోందని ఖాయం చేసుకున్నాను.

సారంగం నా పుస్తకం తిప్పి చూశాడు. చాయ్ తెప్పించాడు, పది రూపాయలకు రెండు గుటకలు.

"మా దిక్కు బొమ్మ గీసుడు అనమక్కా. దింపుడు అంటం," అన్నాడు. "మనిషి యాడనో పైన ఉంటడు. కాయితం మీదికి దింపాలె. నువ్వు గీస్తున్నవ్, దింపుతలేవు. మార్కెట్‌కు పోయి సూడు, జర బరువు మోసేటోల్లను సూడు."

ఆ మాట నచ్చి పుస్తకం మూలన రాసుకున్నాను. దింపుడు. ఎక్కడైనా వాడితే ఈ ఊరిదాన్నే అనుకుంటారు కదా అని నా తెలివి. ఆ తెలివి నన్ను ఎక్కడ దింపిందో తర్వాత చెబుతాను.

మిర్చి మార్కెట్లో అడుగుపెట్టగానే తుమ్ములు. కొంగు ముక్కుకు కట్టుకుని ఒక మూల కూర్చుని గీయడం మొదలుపెట్టాను. తండా నుంచి వచ్చిన ఇద్దరు లంబాడా ఆడవాళ్ళు రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్నారు. అందులో పెద్దామె గంప చంకన పెట్టుకుని లేచింది. నేను గబగబా నాలుగు గీతలు గీశాను. ఆమె చూసేసింది.

"ఏంది రాసుకుంటున్నవ్? బ్యాంకు నుంచి వచ్చినవా?"

"కాదమ్మా, బొమ్మ వేస్తున్నాను."

"నా బొమ్మతోని నీకేం పని?"

సమాధానం చెప్పేలోగా పుస్తకం ఆమె చేతిలోకి వెళ్ళింది. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకుని పకపకా నవ్వారు. నన్నే అంటున్నారని నా చెవులు కాలాయి. నవ్వుతున్నారేమని కాస్త కటువుగానే అడిగాను. పెద్దామె పేరు మంగి. నవ్వడం ఆపి, గంప తెచ్చి ఉన్నపళంగా నా నడుము మీద పెట్టింది. నేను పక్కకు తూలాను.

"సూసినవా? బరువు దిక్కు నడుము బయటికి పోతది, మెడ అవుతల దిక్కు వంగుతది. నువ్వు గీసినట్టు సక్కగ నిలబడితె గంప కింద, నేను మీద," అంది.

ఏళ్ళ తరబడి మనుషుల్ని గీస్తూ ఎప్పుడూ ఒక గంప ఎత్తుకుని చూడలేదు. ఆ సాయంత్రం మంగి పదకొండు బొమ్మలు వేయించింది, పన్నెండోదానికి తలూపింది. అయినా గదికి వచ్చాక బ్యాగులో అన్నీ ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. మంగి ముట్టుకున్నది నా పుస్తకం ఒక్కటే.

నర్మెట్ట

జనగామలో దిగి నర్మెట్ట బస్సెక్కాను. కండక్టరమ్మ నాకంటే చిన్నది. "ఏ ఊరు పోతున్నవక్కా, జర లోపలికి జరుగు," అంది. మా వైపు కొత్తవాళ్ళను మీరు అనకపోతే గొడవలైపోతాయి. నేను ముఖం ముడుచుకుని లోపలికి జరిగాను. ఆమె ఏమీ పట్టించుకోకుండా ఎవరినీ లేపకుండా పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకామెకు తన సీటు ఇచ్చేసి దారంతా నిలబడింది.

ఎల్లయ్య నకాశీ పని చేసే మనిషి. కథలు చెప్పేవాళ్ళు ఊళ్ళలో విప్పి చూపించే పొడవాటి గుడ్డ పటాల మీద బొమ్మలు వేస్తాడు, చెక్కపొట్టు, చింతగింజల అంబలి కలిపి ముఖాలు చేస్తాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నేను వెళ్ళగానే గిన్నె నా ముందు పెట్టి, చింతగింజల అంబలి కలుపుతూ ఉండమన్నాడు. మధ్యాహ్నం దాకా అదే పని. ఆయన నాకు వీపు పెట్టి కూర్చుని ఏదో వేసుకుంటున్నాడు. అసలు విద్య దాచుకుని నాతో చాకిరీ చేయించుకుంటున్నాడని నాకు అర్థమైపోయింది, అంటే అర్థమైపోయిందని నేను అనుకున్నాను.

మధ్యాహ్నం కోడలు సుజాత జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మేము పులుసంటే మరిగిస్తాం. వీళ్ళు చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి వేసి పొయ్యి ముఖం చూపించకుండానే వడ్డిస్తారు. రెండు రొట్టెలు తిన్నాను. మూడోది సుజాత అడక్కుండా వేసింది.

తిని వచ్చేసరికి నా మెత్తని పెన్సిల్ లేదు. ముఖాలన్నీ దానితోనే గీస్తాను, అది లేకపోతే చెయ్యి ఆడదు. చాప కింద చూశాను, గిన్నెల వెనక చూశాను. ఆ గదిలోకి వచ్చింది సుజాత ఒక్కతే. నేను అడగలేదు గానీ దొంగను చూసినట్టే చూశాను. ఆమెకు తెలిసింది. చేతిలో గిన్నె అక్కడే పెట్టి, తన కొంగు విదిలించి చూపించి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత మాట్లాడలేదు.

సాయంత్రం ఎల్లయ్య నా ముసలామె బొమ్మ అడిగి తీసుకున్నాడు. నోరు తెరిచి, ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి గాల్లో. చాలాసేపు చూశాడు.

"గీమె ఎవల దిక్కు సూస్తాంది బిడ్డా?"

"ఎదురుగా. చూసేవాళ్ళ వైపు."

ఆయన తన పటం విప్పాడు. ఎర్రటి నేల మీద వరుసగా మనుషులు. "మా పటంల దేవుడొక్కడె జనం దిక్కు సూస్తడు. మనుషులు ఒకల మొకం ఒకలు సూసుకుంటరు. నీ అవ్వకు దగ్గరోల్లు ఎవ్వరు లేరు. తమాషా సేస్తాంది."

"కార్టూనండీ. తమాషాగానే ఉండాలి," అన్నాను.

"సరె," అన్నాడాయన. ఆ సరెలో ఒప్పుకోలు ఏమాత్రం లేదు. స్వప్న ముందే ఫోన్ చేసి ఇలా చెప్పమని చెప్పి ఉంటుందనుకుంటూ బయటపడ్డాను. సుజాత గడపలో ఉంది. నేను వెళ్ళొస్తానని చెప్పలేదు.

చెల్పూర్ మీదుగా

హనుమకొండలో బస్సు మారి పరకాల దాటాక పొలాలు పలచబడి చెట్లు దగ్గరపడ్డాయి. చెల్పూర్ దగ్గర కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు బస్సుతోపాటే చాలా దూరం వచ్చాయి. పక్క సీట్లో అంగన్‌వాడీలో పనిచేసే ఒకామె ఉడకబెట్టిన శనగలు, గుడాలంటారు వాటిని, కాగితంలో పెట్టి ఇచ్చింది. ఈసారి వెంటనే తిన్నాను. భూపాలపల్లి ఎందుకు వెళుతున్నానో అడిగింది. ఓదేలు దగ్గరికి అన్నాను.

ఆమె నమలడం ఆపింది. "అయ్యో. ఎవలు పోయిండ్రు?"

అప్పుడు తెలిసింది ఆయన పని ఏమిటో. ఓదేలు చనిపోయినవాళ్ళ విగ్రహాలు చేస్తాడు. కాస్త పొలం పుట్రా ఉన్న ఇళ్ళవాళ్ళు పెద్దవాళ్ళను తమ చేను గట్టునే సమాధి చేసి, పక్కన నిలువెత్తు సిమెంటు విగ్రహం పెట్టుకుంటారు. మా వైపు నాయకులకే విగ్రహాలు. మామూలు రైతు తన చేనుకు తనే కాపలా నిలబడటం నేనెక్కడా చూడలేదు. పిల్లల కార్టూన్ నేర్చుకోవడానికి నన్ను చచ్చినవాళ్ళ దగ్గరికి పంపిన స్వప్నను ఆ బస్సులో ఎంతసేపు తిట్టుకున్నానో చెప్పను.

భూపాలపల్లి

ఓదేలు షెడ్డు బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఉంది. ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద సన్నని నల్లటి దుమ్ము. గేటు లోపల ఆరుగురు మగవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు, ముఖాలకు పాత గుడ్డలు కట్టి ఉన్నాయి. సిమెంటు మనుషులని తెలిసినా వాళ్ళ ముందు నుంచి నడవడానికి నాకు ఇష్టం లేకపోయింది. ఇంటివాళ్ళు వచ్చి చూసేదాకా ముఖం ఇంకెవరికీ చూపించకూడదని ఆయన నియమం.

ఓదేలు బక్కటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. ముందు మట్టితో తల చేస్తాడు, ఇంటివాళ్ళు అవునన్నాకే సిమెంటు పోస్తాడు. అది నా ప్రయాణంలో నాలుగో రోజు. ఆ ఉదయం బల్ల మీద తడి గోనెపట్టా కప్పిన మట్టి తల ఒకటి ఉంది. మల్లయ్య అనే రైతుది, పోయి మూడు నెలలైందట. ఆయన కొడుకు, మాజీ సర్పంచ్, తెల్ల చొక్కాలో వచ్చి నిలబడ్డాడు. వెనకే తల్లి ఆటో దిగింది. సన్నటి మనిషి, ముదురు ఆకుపచ్చ చీర.

"ఈమె ఎవలు? ఛానలామెనా?" అని సర్పంచ్ నన్ను చూపించి అడిగాడు. పని నేర్చుకోను వచ్చిందని ఓదేలు చెప్పినా నా ఫోన్ వైపే చూస్తూ ఉన్నాడు.

గోనెపట్టా తీశారు. ఆధార్ కార్డు ఫోటో పక్కన పెట్టుకుని చేసిన తల అది. ముక్కు, మీసం, నుదుటి గీతలు అన్నీ అచ్చం ఉన్నాయి.

"గిది మా బాపు కాదు," అన్నాడు సర్పంచ్. "రెండుసార్లు మార్పించినం. ఏం తక్కువైందో చెప్పొస్తలేదు. కని బాపు కాదు."

రెండుసార్లు. నా బొమ్మ కూడా రెండుసార్లే తిరిగొచ్చింది.

"ఎట్ల ఉండెనో చెప్పకుండ్రి," అన్నాడు ఓదేలు. "ఇంట్ల ఎట్ల పిలుస్తుండిరో గట్ల పిలువుండ్రి. మూడుసార్లు."

ఇదీ ఈయన నాటకం అనుకున్నాను. ఇంటివాళ్ళను ఏడిపిస్తే విగ్రహం బాగుందనే అనిపిస్తుంది కదా. ఫ్లెక్సీలాయన ఒకే ఒంటికి తలలు అతికిస్తాడు, ఈయన కన్నీళ్ళు అతికిస్తాడు, అనుకున్నాను.

సర్పంచ్ "బాపూ" అని పిలిచాడు. మూడుసార్లు. ఎవరూ ఏడవలేదు. ఓదేలు మట్టి వైపు చూడట్లేదు, పిలిచేవాడి కళ్ళ వైపు చూస్తున్నాడు. "బెదురుకుంట పిలుస్తున్నవ్. కొడుకుకు గట్లనే ఉండె. అవ్వా, నువ్వు పిలువు."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "నేనెన్నడు పేరు పెట్టి పిలువలే."

భర్త పేరు నోటితో అనకూడదన్నది మా వైపు పాతకాలంలోనూ ఉండేది. ఏమండీ అనో ఇంకేదో అనేవాళ్ళు. అదే చెప్పాను. అవ్వ మళ్ళీ తల ఊపింది. అది కూడా లేదట.

"మరి బువ్వకు ఎట్ల పిలుస్తుంటివి?" అన్నాడు ఓదేలు.

ఆమె చుట్టూ చూసింది. సిమెంటు కలిపే చోట ఒక అల్యూమినియం గిన్నె, దాని మీద మూత ఉన్నాయి. వెళ్ళి మూత తీసుకుని గిన్నె అంచు మీద కొట్టింది. టంగ్, టంగ్, టంగ్. కొట్టి, తనకు తెలియకుండానే ఎడమవైపు, వాకిలి వైపు చూసింది. పెదవి కొద్దిగా బిగించింది, కోపం లాగా, కానీ కళ్ళలో కోపం లేదు. అక్కడి నుంచి ఒక మనిషి వస్తున్నాడు, ఆలస్యంగా వస్తున్నాడు, తిట్టాలి, తిట్టదు.

"ఆమె మొకంల ఆయిన వస్తున్నడు," అన్నాడు ఓదేలు మెల్లగా. "మూత ఎందుకవ్వా?"

"ఎడమ చెవ్వు ఇనపడక పోతుండె. పిలిస్తె ఇనడు. చప్పుడు సేస్తె గీ కుడి చెవ్వు ఇటు పెట్టి సూస్తుండె."

ఓదేలు రెండు పెద్ద చేతులతో మట్టి మెడ పట్టుకున్నాడు. మెల్లగా తిప్పాడు, రెండు వేళ్ళ మందం కూడా ఉండదు. కుడి చెవి ముందుకు వచ్చింది, గడ్డం కాస్త పక్కకు వాలింది. ఎడమ చెంప కింద బొటనవేలితో ఒకసారి నొక్కాడు. ఆధార్ ఫోటోలో తల నిటారుగా ఉంది, ఫోటో తీసేవాడు అలా పెట్టమన్నాడు కాబట్టి. మల్లయ్య బతికున్నప్పుడు ఎప్పుడూ అలా లేడు.

సర్పంచ్ వంగి చెప్పులు విడిచాడు.

నాకు ఏడుపొచ్చింది. అది మల్లయ్య కోసం కాదు, ఓదేలు గురించి నేను అనుకున్న మాటలకు. కానీ నేను వచ్చిన పని గుర్తుంది, గడువు రెండు రోజులుంది, గీయవలసిన ముఖం ఎదురుగా నిలబడి ఉంది. మహబూబాబాద్‌లో నేర్చుకున్న మాట కూడా నా దగ్గర ఉంది. వెళ్ళి అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, మిమ్మల్ని ఒక్కసారి దింపుతాను."

సర్పంచ్ ముఖం నల్లబడింది. ఓదేలు చేతిలో మట్టి కిందపడింది. అవ్వ నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది.

"నన్నెందుకు దింపుతవ్ బిడ్డా? నేనింక నడుస్తనె ఉన్న."

శ్మశానం దగ్గర పాడెను నేల మీద దింపి, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం మిగిలి ఉంటే పలుకుతాడేమోనని ఆఖరి ఆశ. దింపుడు కళ్లం. ఆ మాట నాకూ తెలుసు, ఎన్నిసార్లు వాడానో. భర్త పోయి మూడు నెలలైన మనిషిని, ఇప్పుడే మూడుసార్లు పిలిచిన మనిషిని, చెయ్యి పట్టుకుని నేను అడిగింది అదీ.

ఓదేలు కలగజేసుకుని, బొమ్మ వేస్తానంటోందని చెప్పాడు. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న అవ్వ నోటి మీద కొంగు పెట్టుకుని నవ్వింది. సర్పంచ్ నవ్వలేదు. ఏ బొమ్మలు వేస్తావో ముందు చూపించమన్నాడు. పుస్తకంలో మొదట దొరికింది నా ముసలామే.

అవ్వ బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గింత నోరు తెరిసిందేంది? పండ్లు నొస్తున్నయా?"

"లేదవ్వా. అరుస్తోంది."

"ఎవల మీద?"

"ఎవరి మీదా కాదు."

"ఉత్తగనె అరుస్తదా? ఎర్రిదా?"

ఈమెను ఎక్కడ చూసి గీశానని నన్ను నేను అడిగాను. ఎక్కడా చూడలేదు. చిన్నప్పుడు బెజవాడ హాళ్ళలో తెర మీద ఈ యాసలో ఎవరైనా నోరు తెరిస్తే హాలంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ తెరిచిన నోరే నా చేతిలో ఉండిపోయింది. స్వప్న అన్నది నిజం. రైలెక్కిన దగ్గర్నుంచి అందరి జేబులూ వెతికాను గానీ అనుమానించవలసిన మనిషిని ఇంటి నుంచే వెంట తెచ్చుకున్నాను.

"తప్పు గీశానవ్వా," అన్నాను.

ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కొంగులోంచి పల్లికాయలు తీసి ఒలవడం మొదలుపెట్టింది. "నన్ను దింపాల్నంటె నువ్వు సుత మూడుసార్లు పిలువు. తిరిగి సూస్తె దింపుకో. సూడకపోతె బస్సెక్కి పో." వీపు నా వైపు తిప్పింది.

పెన్సిల్ కోసం బ్యాగు తడుముతుంటే ఓదేలు అడిగాడు. "గా కొప్పుల ఉన్నదేంది మేడం?"

నా మెత్తని పెన్సిల్. నర్మెట్టలో తినడానికి లేచేటప్పుడు జుట్టులో గుచ్చుకుని ఉంటాను. తల కూడా దువ్వుకోకుండా, అదే ముడితో ఇంత దూరం వచ్చాను. సుజాత కొంగు విదిలించి చూపించింది గుర్తొచ్చి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మమ్మగారూ," అని పిలిచాను.

అవ్వ పల్లికాయ నోట్లో వేసుకుంది.

"అవ్వగారూ, మిమ్మల్నే."

ఆమె నా వైపు కాదు, కొడుకు వైపు చూసింది. "నిన్ను పిలుస్తుందేమో సూడు బిడ్డా. గారు నువ్వే గద."

ఒక్క పిలుపు మిగిలింది. ఇది పోతే చేతిలో పని పోతుంది. అంతకంటే, ఆ తెరిచిన నోరు నా చేతిలోంచి ఇక ఎప్పటికీ పోదు. ఈ నాలుగు రోజులూ నన్ను అందరూ నువ్వు అన్నారు. నువ్వు అంటూనే రొట్టె వేశారు, గుడాలు పెట్టారు. నేను మాత్రం మీరు అంటూ అందరినీ గడప అవతలే నిలబెట్టాను. మా అమ్మమ్మను నేను ఎప్పుడైనా మీరు అన్నానా?

"అవ్వా, ఇటు చూడవే."

ముందు కళ్ళు తిరిగాయి. తర్వాత మెడ, సగమే. పంటి కింద పల్లికాయ, నోరు మూసి ఉంది. విసుగు, దాని వెనక నవ్వు.

"ఏందే?"

అంతే, పెన్సిల్ కదిలింది. బరువంతా ఎడమ తుంటి మీద, మెడ అవతలి వైపు. చూపు జనం వైపు కాదు, పిలిచిన ఒక్క మనిషి వైపు. ఎంతసేపు పట్టిందో తెలియదు, పల్లికాయలు అయిపోయేలోపే అయింది.

అవ్వ బొమ్మ చూసుకుంది. కొడుక్కి చూపించింది. "పిల్లలకు సూపెట్టు, ఏం గాదు. కని నా పేరు పెట్టకు," అంది. "పేరు పెడితె పిల్లలందరు నన్ను పిలిసినట్టె అయితది. పిలిసినప్పుడల్లా నేను యాడికని తిరిగి సూడాలె?"

సరేనన్నాను. ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

ఇంటికి వచ్చాక

నర్మెట్టకు ఫోన్ చేశాను. సుజాత ఎత్తింది. పెన్సిల్ నా జుట్టులోనే ఉందని చెప్పి, క్షమించమన్నాను. "నేను సూసిన గద. పోయేటప్పుడు నీ కొప్పులనె ఉండె," అంది. మరి చెప్పలేదేమని అడిగితే, "నువ్వు అడగలే గద," అంది.

బొమ్మ స్వప్నకు పంపాను. మా అమ్మ వచ్చి చూసి ఎవరే ఈవిడ అంది. రెండు రోజులు స్వప్న నుంచి ఉలుకూ పలుకూ లేదు. పాత అలవాటు కొద్దీ పని వేరేవాళ్ళకు ఇచ్చేసి ఉంటుందనుకోబోయి, నాలుక కరుచుకున్నాను. మూడో రోజు పొద్దున్నే ఫోన్‌లో ఒక్క వాక్యం వచ్చింది.

"గీ అవ్వ పేరేందక్కా?"

మొదటి రెండు బొమ్మలకూ పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నా కంప్యూటర్లో వాటి పేర్లు ముసల్ది ఒకటి, ముసల్ది రెండు.

పేరు పెట్టనని అవ్వకు మాటిచ్చాను, పిలుపు మాత్రం పంపొచ్చు. వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె మీది మూత తీసుకున్నాను. ఫోన్‌లో రికార్డు నొక్కి, గిన్నె అంచు మీద మూడుసార్లు కొట్టాను.

"వస్తున్నానే," అంది హాల్లోంచి మా అమ్మ. "ఇంత పొద్దున్నే అన్నమేమిటి?"

ఆ మాట చెరపకుండా అలాగే పంపించాను.